నాలుగు కాదు, మూడు

పిల్లిని పెంచుకునే ఆడదాన్ని చూస్తే లోకానికి అంత నవ్వెందుకు వస్తుందో ఇంతవరకూ ఎవరూ తిన్నగా చెప్పలేదు. కుక్కను పెంచుకునే మగవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. పిట్టల్ని పంజరంలో పెట్టుకున్నవాణ్ణి చూసీ నవ్వరు, పైగా ఆయనకు మంచి అభిరుచి ఉందంటారు. ఒంటరిగా ఉండే ఆడది ఒక పిల్లిని చేరదీస్తే మాత్రం మెట్ల మీద, వరండాల్లో చెవులు కొరుక్కోవడం మొదలవుతుంది. రెండోది వచ్చిందంటే ఆవిడకు ఏదో అయినట్టే లెక్క. మూడోది వస్తే ఏకంగా పేరే మారిపోతుంది.

ప్రూఫులావిడకు అలాగే మారిపోయింది. అచ్చాఫీసులో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వెనకాల అందరూ పిల్లులమ్మ అనేవారు. ఎదురుగా మేడం అనేవారు, అంటూనే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు. ఆమె వాకిట్లోకి రాగానే మిషను దగ్గరుండే పెద్దమనిషి ఒకాయన ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో ఏదో వాసన" అనేవాడు. ఆమె రోజూ శుభ్రంగా తయారై, బట్టలకంటిన వెంట్రుకల్ని తడిగుడ్డతో తుడుచుకుని మరీ బయల్దేరేది. అయినా ఆ వాసన పోలేదు. వాసన ఆయన ముక్కులోనే కాపురముంటే బట్టలు తుడుచుకుని ఏం లాభం?

మనం మాత్రం ఆమెను పని పేరుతోనే పిలుద్దాం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇతరులు రాసినదాంట్లో అచ్చుతప్పులు ఏరిన మనిషికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి.

ప్రూఫు చదవడమంటే చదవడం కాదు, చదవకుండా నిగ్రహించుకోవడం. ఈ సంగతి ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. పేజీని పైనుంచి కిందకి చదివామా, అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, కన్ను తప్పును దాటేసి వెళ్ళిపోతుంది. అందుకని ఆమె కిందనుంచి పైకి చదివేది. ఆఖరి పంక్తిలో ఆఖరి మాట దగ్గర ఎర్రకలం ఆనించి, ఒక్కొక్క మాటనూ విడిగా చూస్తూ మొదటి మాటదాకా వెనక్కి నడిచేది. అలా చదివితే అర్థమనేది ఉండదు, అక్షరమే ఉంటుంది. ఎన్నో హత్యలూ ఎన్నికలూ పెళ్ళిళ్ళూ ఆమె చేతిమీదుగా వెళ్ళాయి, ఒక్కటీ ఆమె బుర్రకెక్కలేదు. లోకంలో ఏం జరిగిందో ఆమెకు మర్నాడు పొద్దున పత్రిక కొనుక్కున్నాకే తెలిసేది. దానికీ నవ్వేవారు. కానీ పేజీకి కుడివైపు కింది మూలలో ఆమె పొట్టి సంతకం లేకపోతే ఏదీ మిషనెక్కేది కాదు. ఎడిటరైనా సరే, ఆ సంతకం కోసం ఆగాల్సిందే.

ఇంట్లో మూడు పిల్లులు. ఒళ్ళంతా నల్లగా ఉండేదాని పేరు మసి. సైకిలు గుద్ది కన్ను పోగొట్టుకున్నది ఒంటికన్ను. పక్కవాటాలో వాళ్ళు ఇల్లు మారుతూ సామానుతోపాటు తీసుకుపోకుండా వదిలేసిన ముసలిది దొరసాని. మూడింటిలో ఏదీ ఆమె వెతుక్కుని తెచ్చుకున్నది కాదు. వచ్చాయి, తలుపు తీసింది, అంతే జరిగింది.

ఈ రెండు మూడేళ్ళలో ఉన్నట్టుండి గాలి మారింది. పిల్లులకు మంచి రోజులొచ్చాయి. కాఫీ కప్పు మీద పిల్లి, చేతిసంచి మీద పిల్లి, ఫోను తెరిస్తే పిల్లి. ముక్కు ఎగబీల్చిన పెద్దమనిషే ఒకరోజు బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మేడం, మా ఆవిడ పిల్లిని తెచ్చింది. అది తిండి ముట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. ఆమె చెప్పింది. నాలుగు రోజులకు పిల్లి కోలుకుంది, ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ అన్న మాటలకు మాత్రం పొరపాటైందని ఆయనా అనలేదు, ఇంకెవరూ అనలేదు. ఊళ్ళో బట్టల ఫ్యాషను మారితే పాత బట్టలకు ఎవరైనా క్షమాపణ చెబుతారా? అలా ఊరుకున్నారు.

ఆమెకు లోకంలో నా అనుకునే మనిషి ఒక్కతే, తమ్ముడి కూతురు చిట్టి. తమ్ముడూ మరదలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవారు కాబట్టి ఆరో ఏటినుంచి పదిహేనో ఏటిదాకా చిట్టి బడి వదలగానే అత్త ఇంటికే వచ్చేది. బల్లకింద పిల్లులతో కలిసి పడుకుని లెక్కలు చేసుకునేది. అత్త ప్రూఫులు దిద్దుతుంటే తనూ ఒక ఎర్రపెన్సిలు పట్టుకుని కిందనుంచి పైకి చదవడం నేర్చుకుంది. ఇప్పుడు అదే అచ్చాఫీసులో అచ్చయ్యే వారపత్రికలో రాస్తోంది. సొంతంగా వేరే ఇల్లు తీసుకుంది. కాగితాల గోడౌన్లో దొరికిన పసికూనను అత్త చుక్కలమందు గొట్టంతో పాలు పట్టి బతికిస్తే, ముద్దుగా ఉందని చిట్టి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళిందన్న మాటేగానీ, చిట్టికి ఊళ్ళు తిరిగే పని. నెలలో సగం రోజులు ఆ పిల్లి సంచీలో కూర్చుని మళ్ళీ అత్త ఇంటికే వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున పిల్లిని తీసుకెళ్ళడానికి వచ్చిన చిట్టి, చెప్పులైనా విప్పకుండా అంది. "అత్తా, నీ గురించి రాస్తున్నా!"

"నా గురించి రాయడానికేముందే? పుట్టాను, తప్పులు దిద్దాను."

"అది కాదత్తా. పిల్లులతో ఉండే ఆడవాళ్ళంటే జనం ఏవేవో అనుకుంటారు కదా. ఇప్పుడు అవన్నీ మారుతున్నాయి. దానిమీద నాకు రెండు పేజీలిచ్చారు. మొదటిసారి! రెండు పేజీలు!"

ప్రూఫులావిడ చేతులు గౌనుకు తుడుచుకుంది. తనను చూసి నవ్వినవాళ్ళందరూ చదివే పత్రిక అది. తమ్ముడు చదువుతాడు. ఏ నలుగురు చేరినా, "మా అక్కకు సంబంధం పిల్లులవైపునుంచే రావాలి" అని పాతికేళ్ళుగా అదే జోకు వేసి, పాతికేళ్ళుగా తనే ముందు నవ్వే తమ్ముడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు కదా.

"అయితే ఒక్కమాట రాయి చిట్టీ" అంది. "మిగతాది నీ ఇష్టం. ఈ ఒక్కటీ రాయి చాలు. నాకు ఎవరూ దొరక్క వీటిని తెచ్చుకోలేదు. నన్ను అడిగినవాడున్నాడు. మంచివాడే. నేనే వద్దన్నాను. నా ఇల్లు నాకు ఇలా ఉండటమే ఇష్టం. ఇది నాకు దిక్కులేకపోవడం కాదు, నేను ఎంచుకున్నది."

చిట్టి తలెత్తింది. "ఎవరత్తా అతను? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎవరైతే ఏంలే. ముందు నేను చెప్పింది రాసుకో."

చిట్టి రాసుకుంది. ఆమె చూస్తుండగానే, ఆ వాక్యం మొత్తం, పుస్తకంలో రాసుకుంది. తర్వాత ఫోన్ తీసి, గిన్నెల్లో తిండి పెడుతున్న అత్తను రెండు మూడు ఫోటోలు తీసింది. వదులు గౌను, జారిన జుట్టు, నుదుటిమీదికి తోసిన కళ్ళద్దాలు, కాళ్ళచుట్టూ నాలుగు తోకలు.

"ఛీ, ఇలాగా? ఆగు, బట్టలు మార్చుకుని వస్తా."

"ఇవి ఊరికే అత్తా, వెలుతురు ఎలా పడుతోందో చూసుకోవడానికి. అసలుది తర్వాత తీస్తాగా."

అసలుది కిటికీ దగ్గర తీసింది. ఇస్త్రీ బట్టలు, దువ్విన తల, ఒళ్ళో దొరసాని. ఆ తర్వాత తనూ అదే కిటికీలో తన పిల్లిని ఎత్తుకుని కూర్చుని ఫోన్ అత్త చేతికిచ్చింది. "నాకూ ఒకటి తియ్యి." ఆమె తీసింది. చేతులు వణకకుండా, కష్టపడి, మంచిగా తీసింది.

గురువారం మధ్యాహ్నం ఆ పేజీలు ప్రూఫుకొచ్చాయి. బొమ్మలుండే చోట ఖాళీ గళ్ళున్నాయి. బొమ్మలు వేరే బల్లమీద అతుకుతారు. శీర్షికలూ అంతే, ఎడిటరు ఆఖరి నిమిషంలో పెడతాడు. ఆమె అలవాటు ప్రకారం ఆఖరి మాటనుంచి మొదలుపెట్టింది కాబట్టి ముందు కనిపించింది చిట్టి పేరే. పెదవులమీదికి నవ్వొచ్చింది. ఒక్క క్షణం కలం పక్కన పెట్టి పైనుంచి చదివేద్దామా అనిపించింది. వద్దులే, ఆదివారం అచ్చయ్యాక, తమ్ముడి ఇంట్లో భోజనానికి పిలిచారు కదా, అక్కడే అందరి ముందూ చదువుతాను అనుకుంది. ఇన్నేళ్ళుగా అర్థాన్ని పక్కకు నెట్టడం వచ్చిన మనిషి. ఆ రోజు ఇంకాస్త గట్టిగా నెట్టింది, పిల్లలు కానుక పొట్లాన్ని విప్పకుండా దాచుకున్నట్టు. రెండు తప్పులు దొరికాయి. ఒకచోట ఒంటరి అన్న మాటలో సున్న ఎగిరిపోతే తన చేత్తో పెట్టింది. ఆ మాటకు ముందో వెనకో కాదు అన్న మాట ఉండే ఉంటుందిలే అనుకుంది. కింద మూల సంతకం చేసి పంపించేసింది.

ఆదివారం వారపత్రిక కొని, మడత విప్పకుండా సంచీలో పెట్టుకుని తమ్ముడి ఇంటికెళ్ళింది. తలుపు తీస్తూనే తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"రా అక్కా రా! మా అమ్మాయి నిన్ను అచ్చంగా దింపేసింది!"

భోజనాలబల్ల మీద పత్రిక పరిచి ఉంది. మరదలు పళ్ళాలు సర్దుతూ, "మీరేమీ అనుకోకండి వదినా, సరదాకి రాసింది" అంది. సరదా అన్న మాట దగ్గరే ప్రూఫులావిడ ఆగిపోయింది. ఏమీ అనుకోవద్దని ముందే చెప్పారంటే అనుకోవాల్సింది ఉందన్నమాటే కదా.

ఎడమపేజీ పైన పెద్ద అక్షరాల్లో "అప్పుడు" అని ఉంది. కుడిపేజీ పైన "ఇప్పుడు" అని ఉంది. అప్పుడు కింద ఉన్నది తను. గౌను, జారిన జుట్టు, నుదుటిమీద కళ్ళద్దాలు. వెలుతురు చూసుకోవడానికి తీసిన ఫోటో. పేరు వెయ్యలేదు, అచ్చాఫీసులో అందరికీ తెలిసిన మొహానికి పేరు దేనికి? ఇప్పుడు కింద ఉన్నది చిట్టి. తన కిటికీలో, తను పాలు పట్టి బతికించిన పిల్లిని ఎత్తుకుని, తను తీసిన ఫోటోలో నవ్వుతోంది.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఈసారి పైనుంచి చదివింది. "పిల్లుల ఆడవాళ్ళంటే ఒకప్పుడు ఇలా ఉండేవారు. ఒంటరి గది, మూసిన కిటికీలు, నాలుగు పిల్లులు. పగలంతా ఇతరుల తప్పులు వెతకడం, సాయంత్రమంతా పిల్లులతో కబుర్లు చెప్పుకోవడం. ఇలాంటివారికి మనుషులకంటే పిల్లులే నయం." ఒంటరి అన్న మాటలో సున్న గుండ్రంగా, చక్కగా ఉంది. ఆ సున్న తనే పెట్టింది.

కుడిపేజీ కూడా చదివింది. "నేటి మహిళ ఎవరూ దొరక్క పిల్లిని తెచ్చుకోదు. నా ఇల్లు నాకు ఇలా ఉండటమే ఇష్టం అంటుంది. ఇది దిక్కులేకపోవడం కాదు, నేను ఎంచుకున్నది అంటుంది." తన వాక్యం. తు చ తప్పకుండా తన వాక్యమే. చిట్టి ఫోటో పక్కన, చిట్టి నోట్లో ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు తమ్ముడు.

"అచ్చుతప్పులు లేవు" అంది ఆమె.

తమ్ముడు మళ్ళీ విరగబడి నవ్వాడు. గదిలోంచి చిట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది కానీ అత్త మొహంలోకి చూడలేదు. ప్రూఫులావిడ భోజనానికి కూర్చుంది, తిన్నది, మరదలు మళ్ళీ వడ్డించబోతే చాలంది. ఆమె లేచి వెళ్ళిపోతే దానిమీద కూడా ఇంకో పాతికేళ్ళు జోకులు నడుస్తాయి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

వెళ్ళేటప్పుడు చిట్టి వెనకాలే మెట్లు దిగింది. రెండో మలుపు దగ్గర, "అత్తా, కోపమొచ్చిందా?" అంది.

"నేను అప్పటిదాన్నా చిట్టీ? ఇవాళ పొద్దున కూడా బతికే ఉన్నానే."

"అది కాదత్తా. నేను మొదట నీ గురించే రాశాను. ఒట్టు. ఎడిటరుగారు చూసి, మారింది మారింది అంటావు, ఏది మారిందో చూపించాలి కదా, ముందొకటి పెట్టు, తర్వాతొకటి పెట్టు అన్నారు. ముందు ఎవరో ఒకరు కావాలి కదా..."

"అంటే కొత్తావిడ నిలబడటానికి కాళ్ళకింద పాతావిడ ఒకతి ఉండాలి. అంతేగా?"

చిట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ప్రూఫు నీ బల్లకే వెళ్ళేలా చూశాను. నువ్వు చూస్తావు, కొట్టేస్తావు అనుకున్నా. గురువారం మధ్యాహ్నమంతా అదే ఎదురుచూశాను. నీ సంతకంతో తిరిగొచ్చింది. పోనీలే, మనసు పెద్దది చేసుకుంది అనుకున్నా."

"నేనెలా చదువుతానో నీకు తెలీదుటే? నా బల్లకింద పెరిగినదానివి."

చిట్టికి తెలుసు. తెలిసే పంపించింది. అత్త కొట్టేస్తే బాగుండునని అరమనసుతో, కొట్టెయ్యకపోతే బాగుండునని మిగతా అరమనసుతో పంపించింది. ఏ సగం పెద్దదో ఆ పిల్లకు కూడా తెలిసుండదు. ప్రూఫులావిడకు ఆ మెట్లమీదే కూలబడి ఏడవాలనిపించింది. అచ్చాఫీసంతా కలిసి ముప్పై ఏళ్ళు నవ్వినా ఇంత నొప్పి పుట్టలేదు. వాళ్ళు పరాయివాళ్ళు. ఈ పిల్ల తన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం నేర్చుకున్నది.

"సరే, అయిందేదో అయింది" అంది చివరికి. "ఆ మాట నాది. నాదని వెయ్యండి. వచ్చే వారం సవరణ వెయ్యండి. నాకింకేమీ వద్దు."

"వేయిస్తానత్తా. రేపే ఎడిటరుగారితో మాట్లాడదాం. నేనూ ఉంటాను" అంది చిట్టి, ముక్కు తుడుచుకుంటూ.

ఆ మాట పట్టుకుని ఆమె ఆ సాయంత్రమూ, మర్నాటి పొద్దునా గడిపింది. చిట్టి పక్కన నిలబడి, అవును సార్, ఇది మా అత్త అన్నమాట అంటే చాలు. రెండు పేజీల అవమానాన్నీ మడిచి పక్కన పెట్టెయ్యగలదు. అది ఆమె బేరం. ఎవరికీ చెప్పలేదు, తనలో తనే కుదుర్చుకుంది.

ఎడిటరు మంచిగానే మాట్లాడాడు. కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. "మీరు బాధపడ్డారని తెలిసి నాకూ బాధేసిందమ్మా. కానీ సంతకం మీదే కదా?"

"నాదే సార్. నేను అక్షరం చూస్తాను, అర్థం చూడను. ఇన్నేళ్ళూ నన్ను ఇక్కడ ఉంచింది అందుకే."

"నిజమే, నిజమే" అన్నాడు, కాస్త ఇబ్బందిపడి. "సవరణ వేద్దాం. కానీ మన పద్ధతి మీకు తెలియంది కాదు. ఏది తప్పో చెప్పాలి. అభిప్రాయాలకు సవరణ ఉండదు. మీరు ఒంటరిగా ఉంటారా, ఉంటారు. పెళ్ళి కాలేదు. పిల్లులున్నాయి. ప్రూఫులు దిద్దుతారు. మూసిన కిటికీలు అన్నది రాతలో అందం కోసం అనుకోండి. తప్పెక్కడుంది?"

ఆమె కుడిపేజీ మీద వేలు పెట్టింది. "ఈ మాట నాది. ఎంచుకున్నానని అన్నది నేను. అది ఇక్కడ పడింది."

ఎడిటరు పక్కకు తిరిగాడు. కిటికీ దగ్గర చిట్టి నోటుపుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. "ఏమ్మా, ఈ మాట మీ అత్తగారు నీతో అన్నారా? అన్నట్టు నీ పుస్తకంలో ఉంటే చెప్పు, వేసేద్దాం. కాకపోతే ఒకరి మాట ఇంకొకరి నోట్లో పెట్టావని అవుతుంది. దానికి సంజాయిషీ నువ్వు రాసివ్వాలి. వచ్చేవారంనుంచి ఈ రెండు పేజీలూ నీకే ఇద్దామనుకుంటున్నాం. ఆలోచించి చెప్పు."

చిట్టి ఆలోచించింది. ఎంతోసేపు పట్టలేదు. పుస్తకం చేతిలోనే ఉంది, తెరవలేదు.

"సరిగ్గా గుర్తులేదు సార్" అంది. "అందరూ అనే మాటే కదా అది."

ప్రూఫులావిడ చిట్టిని చూసింది. చిట్టి కిటికీలోంచి కిందున్న సైకిళ్ళను చూసింది. ఎడిటరు ఇద్దరినీ చూసి, ఏదో ఒకటి ఇచ్చి పంపించాలన్నట్టు పేజీ మీదికి వంగాడు.

"ఇదిగో, పిల్లులు నాలుగు అని ఉంది. మీకు నిజంగా నాలుగేనా?"

"మూడు. నాలుగోది ఈవిడది. ఆ రోజు మా ఇంట్లో ఉంది."

"చూశారా, దొరికింది!" అన్నాడు ఎడిటరు సంతోషంగా. "అది మాత్రం కచ్చితంగా తప్పే. అది వేద్దాం."

వేశారు. ఆ వారం ఆఖరి పేజీలో, ఒక మందుల ప్రకటన కింద రెండు పంక్తులు వచ్చాయి. "గత సంచికలో ప్రచురించిన వ్యాసంలో ఒక మహిళకు నాలుగు పిల్లులున్నట్టు పొరపాటున పడింది. మూడు అని చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాం." ఆ ప్రూఫు కూడా ఆమె బల్లకే వచ్చింది. తప్పులేమీ లేవు, సంతకం చేసి పంపించింది. అచ్చాఫీసులో వాళ్ళు మాత్రం ఆమెను తెగ మెచ్చుకున్నారు. "ఎంత సరదాగా తీసుకున్నారు మేడం! ఇంకొకరైతే గొడవ చేసి ఉండేవాళ్ళు" అన్నాడు మిషను దగ్గరి పెద్దమనిషి. కొత్తగా చేరిన అమ్మాయిలు ఆ ఎడమపేజీని కత్తిరించి ప్రూఫుల గది తలుపుకు అంటించారు, ప్రేమగానే. ఆమె దాన్ని పీకలేదు. పీకితే ఉడుక్కుందంటారు.

ఆ తర్వాతి శనివారం సాయంత్రం ఇంటి గంట మోగింది. చిట్టి. ఒక భుజానికి బట్టల సంచి, ఇంకో చేతిలో పిల్లి సంచి. మొహంలో పాత చనువు తెచ్చిపెట్టుకుంది కానీ అది సరిగ్గా అతకలేదు.

"అత్తా! ఉత్తరాలు ఎన్నొచ్చాయో తెలుసా? ఇంకో అయిదూళ్ళు తిరిగి రాయమన్నారు, పిల్లులున్న ఆడవాళ్ళ మీద. వారంరోజులు. దీన్ని నీ దగ్గర..."

"ఇలా ఇవ్వు" అంది ఆమె.

చిట్టి మొహం తేటపడింది. సంచి అందించింది. ఎప్పట్లాగే చెప్పులు విప్పి లోపలికి రాబోయింది. ప్రూఫులావిడ గుమ్మంలోంచి జరగలేదు.

"నువ్వు వద్దు."

"అత్తా?"

"పిల్లి ఉంటుంది. ఎన్నాళ్ళయినా ఉంటుంది. దానికి తెలిసిన ఇల్లిది. నువ్వు మాత్రం ఈ గుమ్మం దాటొద్దు."

"ఆ రోజు నాకు భయమేసిందత్తా! ఉద్యోగం పోతుందేమోనని..."

"తెలుసు. భయపడితే పడ్డావు. భయమేసిందని ఆ సాయంత్రం వచ్చి చెప్పి ఉంటే నేనే నిన్ను ఊరడించి ఉండేదాన్ని. పన్నెండు రోజులైంది. ఇవాళొచ్చావు, అదీ పిల్లిని దింపడానికొచ్చావు."

చిట్టి ఏడుపు మొదలుపెట్టింది, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోతే ఏడ్చినట్టే. ఆ ఏడుపు వింటే ప్రూఫులావిడ చేతులు వాటంతటవే ముందుకొచ్చేవి. ఇప్పుడూ రాబోయాయి, కానీ చేతిలో పిల్లి సంచి ఉంది.

"మనుషులకంటే పిల్లులే నయమనుకునే మనిషినని రాశావే" అంది. "అది అబద్ధం చిట్టీ. ముప్పై ఏళ్ళుగా అందరూ అన్నదీ పచ్చి అబద్ధమే. నాకు నువ్వు కావాలి. ఈ మూడింటికన్నా, నాలుగింటికన్నా నువ్వే ఎక్కువ. రోజూ నువ్వొస్తావేమోనని చూసేదాన్ని. ఇవాళనుంచి నువ్వు రాసిందే నిజం. పో, ఇంకెవరూ సవరణ అడగరు."

తలుపు వేసి గడియ పెట్టింది. అవతల చిట్టి రెండుసార్లు తలుపు తట్టింది, అత్తా అని పిలిచింది. ఇవతల ఆమె తలుపుకు వీపు ఆనించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తీస్తే తీసెయ్యచ్చు. గడియ చేతికందే ఎత్తులోనే ఉంది. తీస్తే చిట్టి లోపలికొస్తుంది, కాఫీ తాగుతుంది, ఇంకో నాలుగు రోజులకు ఇంకో పేజీలో ఇంకెవరినో నిలబెడుతుంది. తియ్యకపోతే ఆ ఎడమపేజీలో ఉన్న ఆడది తనే అవుతుంది. రెండింట్లో ఏది ఎంచుకున్నా గెలిచేది ఆ నవ్వినవాళ్ళే.

కొంతసేపటికి చెప్పులు తొడుక్కున్న చప్పుడు, మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించాయి. ఆమె కిందకి కూర్చుని సంచి జిప్పు తీసింది. పిల్లి బయటికొచ్చి, ఆమె మొహంలోకైనా చూడకుండా తిన్నగా తలుపు దగ్గరికెళ్ళి, చిట్టి వెళ్ళినవైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది.